టెన్యూర్ ఫైలు, తెనాలిలో అమ్మ, హైదరాబాద్ ఆఫర్

ప్రశ్న: అమెరికా మిడ్‌వెస్ట్‌లోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఇంటర్నేషనల్ ఫైనాన్స్ బోధిస్తున్న అసిస్టెంట్ ప్రొఫెసర్ ఒకరు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. 2015లో పీహెచ్‌డీకి వెళ్లి 2021 ఆగస్టులో ఈ ఉద్యోగంలో చేరారు. ఇది టెన్యూర్ (శాశ్వత ఉద్యోగ హామీ) కోసం పనిని పరీక్షించే టెన్యూర్ ట్రాక్‌లో ఐదో ఏడు. మే నెలలో ఫైలు బయటి సమీక్షకులకు, అంటే ఇతర విశ్వవిద్యాలయాల ప్రొఫెసర్లకు, వెళ్లాలి.

గైడుతో కలిసి రాసిన పేపరు ఒకటి జర్నల్ ఆఫ్ ఫైనాన్షియల్ అండ్ క్వాంటిటేటివ్ అనాలిసిస్‌లో, సహాధ్యాయితో రాసినది ఒకటి జర్నల్ ఆఫ్ ఇంటర్నేషనల్ మనీ అండ్ ఫైనాన్స్‌లో అచ్చయ్యాయి. గైడు, మరొకరితో కలిసి రాసిన మూడోది రివ్యూ ఆఫ్ ఫైనాన్షియల్ స్టడీస్‌లో రెండో విడత రివిజన్‌లో ఉంది. దానికి గడువు మార్చి 31. తానొక్కరే రాసిన పేపరు కూడా ఒకటుంది. డాలర్లలో అప్పు తెచ్చుకున్న భారతీయ కంపెనీలు రూపాయి పడిపోతే తట్టుకునే ఏర్పాటు ఎందుకు చేసుకోవు అన్నది దాని విషయం. రెండు పెద్ద జర్నళ్లు తిప్పి పంపాక ఎనిమిది నెలలుగా దాన్ని తెరవలేదట. మూడో ఏటి సమీక్షలో “స్వతంత్ర పరిశోధన మరింత కనిపించాలి” అని రాశారు. ఆ ఒక్క వాక్యం నిద్ర పట్టనివ్వడం లేదంటున్నారు.

తల్లి తెనాలిలో ఒంటరిగా ఉంటున్నారు. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు గుంటూరు వెళ్లి రావాలి. బెంగళూరులో ఉన్న తమ్ముడు “ఇంక చాలు, వచ్చెయ్యక్కా” అంటున్నాడు. సరిగ్గా ఇప్పుడే హైదరాబాద్‌లోని ఒక బిజినెస్ స్కూలు ఆఫర్ ఇచ్చి, ఫిబ్రవరి నెలాఖరుకల్లా ఏ సంగతీ చెప్పమంది. భర్త హెచ్‌-4 ఈఏడీ (హెచ్‌-1బి ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే పని అనుమతి) మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. పాపకు రెండేళ్లు. పాప పుట్టినప్పుడు టెన్యూర్ గడువు ఏడాది పొడిగించుకునే వీలున్నా, అడిగితే చులకనైపోతానని ఊరుకున్నారు. 2027 ఆగస్టుతో హెచ్‌-1బి ఆరేళ్లూ అయిపోతాయి. గ్రీన్‌కార్డు కోసం విశ్వవిద్యాలయం ఈబీ-2 తరగతిలో వేసిన ఐ-140 పిటిషన్ ఆమోదం పొందింది, ప్రయారిటీ డేట్ (వరుసలో స్థానం తేల్చే తేదీ) 2022. “టెన్యూర్ రాకపోతే ఉద్యోగం, వీసా, ఆయన ఉద్యోగం ఒక్కసారే పోతాయి. ఫైలు పంపనా, పొడిగింపు అడగనా, చిన్న స్కూలుకు మారనా, అన్నీ వదిలేసి వచ్చేయనా? ఆయన్ని అడిగితే ‘నీ ఇష్టం’ అంటారు. ఆ మాట అండో, దూరమో తెలియడం లేదు.”

సమాధానం: ముందుగా వీసా సంగతి చూద్దాం. మీ భయాల్లో తొందరగా తీరిపోయేది అదొక్కటే.

ఆరేళ్ల పరిమితి మీకు గోడ కాదు. ఐ-140 ఆమోదమై, ప్రయారిటీ డేట్ ఇంకా వంతుకు రానివాళ్లకు హెచ్‌-1బిని మూడేసి ఏళ్ల చొప్పున పొడిగించవచ్చు. 2000లో వచ్చిన చట్టమే ఆ వెసులుబాటు ఇచ్చింది. ఆమోదం వచ్చి 180 రోజులు దాటితే, విశ్వవిద్యాలయం తర్వాత ఐ-140ని ఉపసంహరించుకున్నా పొడిగింపు హక్కు, 2022 తేదీ రెండూ మీ వద్దే ఉంటాయి. కొత్త విశ్వవిద్యాలయం కొత్తగా పిటిషన్ వేసినా ఆ తేదీనే పట్టుకెళ్లవచ్చు. మీవారి ఈఏడీకి ఆధారం కూడా మీ ఐ-140 ఆమోదమే, దానితోపాటు మీ హెచ్‌-1బి కొనసాగడం. అంటే 2027 వసంతంలో టెన్యూర్ రాలేదనే అనుకుందాం. మామూలుగా ఇచ్చే టెర్మినల్ ఇయర్ (చివరి ఏడాది ఉద్యోగం) 2028 మే దాకా ఉంటుంది, దానికి హెచ్‌-1బి పొడిగింపు కూడా దొరుకుతుంది. మీరు రాసినట్టు ఒక్కసారే కూలిపోదు. ఇంకో విద్యాసంవత్సరం జీతంతో, మరో ఉద్యోగం వెతుక్కునే ఒక పూర్తి సీజన్ చేతిలో ఉంటుంది. విశ్వవిద్యాలయాలు లాటరీ పరిధిలోకి రావు కాబట్టి ఒక క్యాంపస్ నుంచి ఇంకో క్యాంపస్‌కు మారడం తేలికే. లాటరీ అడ్డొచ్చేది ప్రైవేటు కంపెనీకి మారేటప్పుడు. అసలు ప్రమాదం ఉద్యోగం చివరి రోజు దాటాక మొదలవుతుంది. ఆ తర్వాత మిగిలేది గరిష్ఠంగా 60 రోజులు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఈబీ-1బి అంటే ప్రొఫెసర్లకు, పరిశోధకులకు ఉన్న గ్రీన్‌కార్డు మార్గం. అందులో ఆరు ప్రమాణాల్లో కనీసం రెండు చూపాలి, మూడేళ్ల బోధన లేదా పరిశోధన అనుభవం ఉండాలి. టెన్యూర్ ట్రాక్ ఉద్యోగం దానికి సరిపోతుంది. జర్నళ్లకు మీరు రాసిన రిఫరీ రిపోర్టులు (ఇతరుల పేపర్ల సమీక్షలు) ఒక ప్రమాణం కిందికి వస్తాయి, మీ పేపర్లు ఇంకోటి. భారతీయులకు ఈబీ-1 వరుస కూడా ఉంది కానీ ఈబీ-2 అంత పొడుగు కాదు. టెన్యూర్ ఫైలుకు మీరెలాగూ సాక్ష్యాలన్నీ పోగేస్తారు. అవే కాగితాలతో ఇంటర్నేషనల్ ఆఫీసును ఈ పిటిషన్ వేయమని అడగండి. సమీక్షకు ముందు అడిగితే వాళ్లు వేసే అవకాశం ఎక్కువ. టెన్యూర్ తిరస్కరించాక ఆ విశ్వవిద్యాలయం ముందుకు రావడం అరుదు.

ఇక ఫైలు. మీరు పేపర్ల సంఖ్య లెక్కపెట్టుకుని దిగులుపడుతున్నారు. ఫైలు చదివే సీనియర్ ప్రొఫెసర్ సీవీలో మొదట చూసేది రెండే. ఏ జర్నల్, పక్కన ఎవరి పేరు. మీ కాలేజీ ఏ జాబితాతో కొలుస్తుందో మీ ఉత్తరంలో లేదు. దాన్ని బట్టే లెక్క మారిపోతుంది. యూటీ డల్లాస్ విశ్వవిద్యాలయం తయారుచేసిన, డల్లాస్ జాబితాగా పేరున్న 24 జర్నళ్లలో ఫైనాన్స్‌వి మూడే: జర్నల్ ఆఫ్ ఫైనాన్స్, జర్నల్ ఆఫ్ ఫైనాన్షియల్ ఎకనామిక్స్, రివ్యూ ఆఫ్ ఫైనాన్షియల్ స్టడీస్. ఆ లెక్కన మీ చేతిలో ప్రస్తుతం ఉన్నది సున్నా, ఒక ఆశ. ఫైనాన్షియల్ టైమ్స్ 50 జాబితాలో మీ మొదటి పేపరు వచ్చిన జర్నల్ కూడా ఉంది, రివ్యూ ఆఫ్ ఫైనాన్స్ కూడా ఉంది. ఆ లెక్కన మీకు ఒకటి ఉంది, రెండోది దారిలో ఉంది. జర్నల్ ఆఫ్ ఇంటర్నేషనల్ మనీ అండ్ ఫైనాన్స్ మన రంగంలో గౌరవం ఉన్నదే అయినా ఈ రెండింటిలోనూ లేదు. ఇంటర్నేషనల్ ఫైనాన్స్ వాళ్లకు ఎప్పుడూ ఉన్న కష్టమే ఇది. మన పని సగం అర్థశాస్త్రం, సగం ఫైనాన్స్. ఒక వైపు వాళ్లు ఎంతో విలువిచ్చే జర్నల్‌ను రెండో వైపు వాళ్లు లెక్కలోకి తీసుకోరు. కాబట్టి డిపార్ట్‌మెంట్ చైర్ దగ్గర కూర్చుని “నా పరిస్థితి ఎలా ఉంది” అని అడక్కండి. దానికి మర్యాదపూర్వకమైన జవాబే వస్తుంది. ఇలా అడగండి: “రివ్యూ ఆఫ్ ఫైనాన్షియల్ స్టడీస్ పేపరు ఆగస్టులోపు ఆమోదమైతే ఓటు ఎలా ఉంటుంది? కాకపోతే ఎలా ఉంటుంది? గత మూడు ఫైళ్లలో ఏ జాబితా చూశారు?” మూడో ప్రశ్నకు వచ్చే జవాబు కచ్చితంగా ఉంటుంది. దాన్ని ఆ రోజే రాసి పెట్టుకోండి.

“స్వతంత్ర పరిశోధన కనిపించాలి” అన్న వాక్యాన్ని తీర్పులా చదువుకున్నారు మీరు. అది నిజానికి పని అప్పగింత. మీ రెండు పెద్ద పేపర్లలోనూ గైడు పేరుంది. బయటి సమీక్షకుడికి ఒకటే సందేహం వస్తుంది: ఆలోచన ఎవరిది? ఆ సందేహం తీర్చగల పేపరును మీరు ఎనిమిది నెలలుగా ఫోల్డర్‌లో దాచారు. పెద్ద జర్నళ్లలో నూటికి పది కూడా నిలవవు. రెండు తిరస్కరణలు ఆ పేపరు విలువ చెప్పవు.

మీరు రాసినంతలో దాని సమస్య నాకిలా కనిపిస్తోంది. కంపెనీలు హెడ్జింగ్, అంటే ఆ తట్టుకునే ఏర్పాటు, ఎందుకు చేయవు అని అడిగితే రిఫరీ పది కారణాలు చెప్పి, “ఇందులో ఏది కారణమో మీ డేటా తేల్చలేదు” అంటాడు. ప్రశ్నను ఒక తేదీకి బిగించండి. 2018 నవంబరు 26న రిజర్వ్ బ్యాంకు, మూడు నుంచి ఐదేళ్ల మధ్య మెచ్యూరిటీ (తీర్చే గడువు) ఉన్న కొన్ని విదేశీ వాణిజ్య రుణాలకు తప్పనిసరి హెడ్జింగును 100 శాతం నుంచి 70 శాతానికి తగ్గించింది. పదేళ్లు దాటిన అప్పులకు ముందునుంచీ ఆ నిబంధన లేదు. ఒకే తరహా కంపెనీలు, ఒకే రూపాయి, ఒకవైపు నిబంధన మారింది, ఇంకోవైపు మారలేదు. ఎవరు ఎంత అప్పు, ఎన్నేళ్లకు, దేనికి తెచ్చారో రిజర్వ్ బ్యాంకు నెలనెలా కంపెనీ పేరుతో సహా ప్రకటిస్తుంది. కంపెనీల లెక్కలు దొరికే సీఎంఐఈ ప్రోవెస్‌లోని బ్యాలెన్స్ షీట్లతో వాటిని కలపాలి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. కంపెనీ పేర్లు రెండు చోట్లా ఒకేలా ఉండవు, “లిమిటెడ్” ఒకచోట పూర్తిగా, ఒకచోట పొట్టిగా ఉంటుంది. అనుబంధ సంస్థ తెచ్చిన అప్పు మాతృసంస్థ ఖాతాలో పడిపోతుంది. పేర్లను యంత్రంతో జతచేశాక పెద్ద అప్పులనైనా ఒక్కొక్కటిగా కంటితో సరిచూడండి. రెండు నెలల పని ఇది. మొదటి విడత నిర్ణయానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది కాబట్టి, ఏప్రిల్ నెలాఖరుకు పేపరు జర్నల్‌కు చేరాలి. మేలో సమీక్షకులు చదివే ఫైల్లో కొత్త ప్రతి ఉండాలి, పేపర్లను అచ్చుకు ముందే అందరికీ పెట్టే ఎస్‌ఎస్‌ఆర్‌ఎన్‌లో కూడా ఉండాలి. అయితే మార్చి 31 గడువే ముందు. రెండో విడత రివిజన్ చేతిలో పెట్టుకుని వేరే పేపరు మీద కూర్చోవడం తగదు. సహరచయితలతో మాట్లాడి పట్టికల పని పంచండి. ఎడిటర్‌కు రాసే జవాబు ఉత్తరం మాత్రం మీరే రాయండి. అప్పుడు మీ పాత్ర ఏమిటో గైడు నిజాయితీగా ఒక ఉత్తరంలో చెప్పగలుగుతారు.

సమీక్షకుల జాబితా గురించి ఒక జాగ్రత్త. గైడు, సహరచయితలు పనికిరారు. గత రెండేళ్లలో మీ పేపరును సెమినార్‌లో విన్న ఫుల్ ప్రొఫెసర్లను గుర్తుచేసుకోండి. కరెన్సీ క్యారీ ట్రేడ్, కవర్డ్ ఇంటరెస్ట్ పారిటీ వంటి కరెన్సీ మార్కెట్ విషయాల మీద పనిచేసేవాళ్లు కంపెనీల అప్పుల పేపరును సగమే అర్థం చేసుకుంటారు. వర్ధమాన దేశాల కార్పొరేట్ రుణాల మీద రాసేవాళ్లు జాబితాలో కనీసం సగమైనా ఉండేలా చూసుకోండి.

పొడిగింపు విషయం. పాప పుట్టినందుకు ఇచ్చే ఏడాది మీ హక్కు, దయాధర్మం కాదు. కానీ చాలాచోట్ల దాన్ని అడగడానికి గడువుంటుంది. కొన్ని చోట్ల బిడ్డ పుట్టిన ఇన్ని నెలల్లోగా, ఇంకొన్ని చోట్ల సమీక్ష మొదలుకాక ముందు. ఫైలు బయటికి వెళ్లాక ఎవరూ ఇవ్వరు. ఫ్యాకల్టీ హ్యాండ్‌బుక్ ఈ రాత్రే తీసి చూడండి. గడువు మిగిలి ఉంటే దాని లాభం స్పష్టమే. రెండు పేపర్లకూ ఒక ఏడాది దొరుకుతుంది, సమీక్షకులకు వెళ్లే ఉత్తరంలో “ఈమెను మామూలు గడువు ప్రకారమే చూడండి” అని రాస్తారు. నష్టం కూడా ఉంది. ఈ అనిశ్చితి ఇంకో ఏడాది సాగుతుంది, అమ్మ ఆరోగ్యం ఆ ఏడాది ఆగదు. మార్చి చివరకు రివిజన్ బలంగా వెళ్లిందనిపిస్తే పొడిగింపు లేకుండానే వెళ్లవచ్చు. చైర్ నీళ్లు నమిలితే మాత్రం పొడిగింపు తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

చిన్న స్కూలుకు మారడం గురించి. తిరస్కరణకు ముందు మారేవారికీ, తర్వాత మారేవారికీ బేరంలో తేడా ఉంటుంది. ఐదో ఏట మారితే గడువులో రెండు మూడేళ్లు వెనక్కి ఇస్తారు. తిరస్కరణ తర్వాత కూడా మంచి ఉద్యోగాలు వస్తాయి, కానీ “ఎందుకు రాలేదు” అన్న ప్రశ్నకు ప్రతి ఇంటర్వ్యూలో జవాబు చెప్పాలి. ఈ ఏటి ఫైనాన్స్ అధ్యాపక ఉద్యోగాల మార్కెట్ దాదాపు ముగిసింది. దరఖాస్తులు నవంబరులో, క్యాంపస్ పిలుపులు జనవరి, ఫిబ్రవరిల్లో. కాబట్టి ఇది వచ్చే శీతాకాలపు మాట. పొడిగింపు తీసుకుంటేనే నిజంగా పనికొచ్చే దారి.

ఇప్పుడు అమ్మ. ఆరు పేజీల్లో తమ్ముడి మాట ఉంది, భర్త మాట ఉంది, అమ్మ ఏమంటున్నారో ఒక్క ముక్క లేదు. ఆమె హైదరాబాద్ వస్తారా? డయాలసిస్ ఒక్కో విడతకు నాలుగు గంటలు. అలవాటైన కేంద్రం, తెలిసిన టెక్నీషియన్, ప్రతిసారీ తోడొచ్చే ఆటో, ఇవన్నీ వదులుకోవడం రోగికి చిన్న విషయం కాదు. మీరు హైదరాబాద్‌కు వచ్చినంత మాత్రాన తెనాలికి వచ్చినట్టు కాదు. అది రైల్లో ఐదారు గంటల దూరం, కొత్త ఉద్యోగంలో కొత్త కోర్సులు. అమ్మ ఊరు వదలనంటే, వారాంతాల్లో వచ్చిపోయే కూతురవుతారు. దానికీ విలువుంది, కానీ లెక్క ముందే తెలియాలి. ఆమెను అమెరికా తీసుకురావడం గురించి మీరు రాయలేదు, మంచిదే. ముందునుంచీ ఉన్న జబ్బుకు డయాలసిస్ ఖర్చును విజిటర్ ఇన్సూరెన్సు భరించదు.

మీరు గమనించని వెసులుబాటు ఒకటుంది. మీది తొమ్మిది నెలల ఉద్యోగం. మేలో ఫైలు పంపేశాక ఆగస్టు మధ్య దాకా మీకు క్లాసులు లేవు, సమీక్షకుల ఉత్తరాలు వచ్చేదీ ఆ నెలల్లోనే. దాదాపు పన్నెండు వారాలు తెనాలిలో ఉండవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. వేసవి రిసెర్చి జీతానికి క్యాంపస్‌లో ఉండాలన్న షరతుందేమో మాత్రం చూసుకోండి. దేశం బయట గడిపిన పూర్తి రోజులను హెచ్‌-1బి ఆరేళ్లలోంచి తీసేయమని కూడా కోరవచ్చు, అందుకని బోర్డింగ్ పాసులు దాచండి. సెమిస్టర్ మధ్యలో అమ్మకు బాగా లేకపోతే, తల్లి తీవ్ర అనారోగ్యానికి ఏడాదికి 12 వారాలు జీతం లేని సెలవు ఫెడరల్ చట్టం కింద వస్తుంది. గుంటూరు డాక్టరు ఇచ్చిన ధ్రువీకరణ చెల్లుతుంది.

హైదరాబాద్ ఆఫర్‌ను నేను తక్కువ చేయడం లేదు. మీ పేపరుకు కావలసిన కంపెనీలు, బ్యాంకర్లు అక్కడికి దగ్గర. మీవారికి ఉద్యోగానికి లోటుండదు. మీరు 2015 నుంచి బయటే ఉన్నారు కాబట్టి తిరిగొచ్చాక రెండు ఆర్థిక సంవత్సరాలు, రోజుల లెక్క కుదిరితే మూడోదీ, అమెరికాలోని ఆదాయంపై ఇక్కడ పన్ను సాధారణంగా పడదు. పోయేవి కూడా చెప్పాలి. సోషల్ సెక్యూరిటీ పింఛనుకు 40 క్రెడిట్లు కావాలి, ఏడాదికి నాలుగే వస్తాయి. మీకు దాదాపు 20 ఉండాలి. కొన్ని రాష్ట్రాల ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో అసలు ఆ పన్నే కట్టరు, పే స్లిప్ చూడండి. భారత్‌తో ఆ క్రెడిట్లు కలిపే ఒప్పందం లేదు. 403(బి) రిటైర్మెంట్ ఖాతాలో డబ్బు మాత్రం మీదే, అక్కడే ఉంచవచ్చు. యాజమాన్యం వేసిన వాటా ఎన్నేళ్లకు పూర్తిగా మీదవుతుందో అడగండి. తిరిగి వెళ్లాలనుకుంటే దారి ఇరుకైంది. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడి ప్రకటనతో దేశం బయట ఉన్నవారికి వేసే కొత్త హెచ్‌-1బి పిటిషన్‌పై లక్ష డాలర్ల చెల్లింపు వచ్చింది. అది ఇప్పుడు ఏ స్థితిలో ఉందో వకీలునే అడగాలి.

రఘురామ్ రాజన్ 2013లో రిజర్వ్ బ్యాంకు గవర్నర్‌గా వచ్చినప్పుడు షికాగో విశ్వవిద్యాలయంలో, గీతా గోపీనాథ్ 2019లో ఐఎంఎఫ్‌కు వెళ్లినప్పుడు హార్వర్డ్‌లో ఉద్యోగం వదులుకోలేదు, సెలవు పెట్టారు. వాళ్ల స్థాయి వేరే, కానీ సూత్రం అదే. సెలవు పెట్టి వెళ్లే వీలును టెన్యూర్ ఇస్తుంది. అది చేతికొచ్చాక ఒక ఏడాది హైదరాబాద్‌లో విజిటింగ్‌గా ఉండటం వేరు, ఇప్పుడు రాజీనామా ఇచ్చి రావడం వేరు.

అందుకే ఆ స్కూలు వాళ్లను ఫిబ్రవరిలోపు ఒక మాట అడగండి: “2027 జులైలో చేరితే ఈ ఆఫర్ నిలుస్తుందా?” మన రంగంలో పీహెచ్‌డీ ఉన్న అధ్యాపకుల కోసం వాళ్లు ఏళ్ల తరబడి వెతుకుతుంటారు, ఏడాది ఆగమంటే కసురుకోరు. ఒప్పుకుంటే ఈమెయిల్లో రాయించుకోండి. ఒప్పుకోకపోతే, ఏడాదికి ఎన్ని కోర్సులు, ఎగ్జిక్యూటివ్ బ్యాచులు తప్పనిసరా, ప్రోవెస్, పరిశోధన డేటా ఇచ్చే డబ్ల్యూఆర్‌డీఎస్ ఉన్నాయా, ప్రయాణ నిధి ఎంత, ఒప్పందం ఎన్నేళ్లకు సమీక్షిస్తారు అన్నవి కాగితం మీద తెప్పించుకోకుండా సంతకం చేయకండి. ఇంకో చిక్కు. మీరు వదిలిన రోజే విశ్వవిద్యాలయ లైసెన్సు మీదున్న డేటా అందుబాటులో ఉండదు, లాప్‌టాప్‌లో పట్టుకెళ్లడమూ కుదరదు. పేపరు ఆమోదమయ్యాక లెక్కలు చేసిన కంప్యూటర్ కోడ్‌ను జర్నల్ అడుగుతుంది, మళ్లీ నడపమంటుంది. అక్కడే ఉండే సహరచయిత కంప్యూటర్లో అన్నీ మొదటినుంచి చివరిదాకా ఒకసారి నడిచేలా చూసుకున్నాకే బయల్దేరాలి.

“నీ ఇష్టం” మాట. మీరు ఆయన్ని “ఏం చేద్దాం” అని అడిగి ఉంటారు. అంత పెద్ద ప్రశ్నకు, తన వీసా కూడా మీ మీదే ఆధారపడినప్పుడు, ఆ మనిషి ఇంకేం చెప్పగలడు? ఒత్తిడి పెట్టకూడదనే అలా అని ఉండవచ్చు. తేదీలతో అడగండి: “మే 20 నుంచి ఆగస్టు 10 దాకా పాపను తీసుకుని నేను తెనాలిలో ఉంటాను. మధ్యలో నువ్వు మూడు వారాలు రాగలవా? మార్చి 31 దాకా సాయంత్రాలు పాపను నువ్వు చూసుకోగలవా?” ఈ ప్రశ్నలకు అవును, కాదు అని చెప్పవచ్చు. ఆ జవాబుల్లో మీరు వెతుకుతున్న అండ ఉందో లేదో కూడా తెలిసిపోతుంది.

టికెట్లు మాత్రం తొందరపడి కొనకండి. మీ పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు ఎప్పటిదాకా ఉందో చూడండి. అయిపోయి ఉంటే నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో మీకూ మీవారికీ ఇంటర్వ్యూ తేదీలు దొరికాకే ప్రయాణం. అక్కడ తేదీలు వెనక్కి జరిగి నెలల తరబడి చిక్కుకుపోయినవారున్నారు, మీకు ఆగస్టులో క్లాసులున్నాయి. స్టాంపింగ్ కుదరకపోతే ఈ వేసవి ప్రయాణాన్నే మళ్లీ ఆలోచించుకోవాలి, అప్పుడు తమ్ముడు ఆ మూడు నెలలు తెనాలి నుంచి పనిచేయగలడేమో ఇప్పుడే అడిగి ఉంచండి. పాపకు ఓసీఐ (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే) కార్డు లేకపోతే ఈ వారమే దరఖాస్తు పెట్టండి.